హొక్కైడో బండిలో నేను నింపిన నీళ్ళు

మా అబ్బాయి పైడిరాజుకి, మేం యాభై ఏళ్ళుగా ఉంటున్న ఈ పరాయి రేవు పట్నంలో, ఊరి చివర తువాస్‌లో ఒక షెడ్డు ఉండేది. లారీల మీద పెద్ద పెద్ద డబ్బాలు కట్టడం వాడి పని. ఐస్‌క్రీం అమ్మే బండ్లు, బడి పిల్లల బస్సులు, చేపలు మోసే లారీలు, ఎవరికి ఏది కావాలంటే అది కట్టి ఇచ్చేవాడు. కంప్యూటర్ల వాళ్ళందరికీ ఒక్కసారిగా రెక్కలొచ్చిన రోజులవి. రెండువేల సంవత్సరం ఇంకా రాలేదు. అప్పుడొచ్చాడు షెడ్డుకి దీపక్ అనే కుర్రాడు. హైదరాబాద్ పిల్లాడు, సన్నగా, కళ్ళజోడుతో, కూర్చున్నచోట కుదురుగా ఉండలేడు. తంజోంగ్ పగార్‌లో వాడి ఆఫీసు. కంప్యూటర్లోనే విమానం టిక్కెట్లు, హోటలు గదులు అమ్ముతాడట. మా ఆయన బతికున్న రోజుల్లో ఆ తంజోంగ్ పగార్ రేవులోనే ఓడల నుంచి బస్తాలు దించేవారు. ఆ దీపక్ ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఆ రేవంతా కనిపిస్తుందని పైడిరాజు చెప్తే, ఆయనుంటే ఎంత మురిసిపోయేవారో అనుకున్నాను.

దీపక్‌కి చక్రాల మీద నడిచే ఇల్లు కావాలి. మంచం, పొయ్యి, సింకు, స్నానాల గది, అన్నీ ఉండాలి. దాన్ని ఓడలో జపాన్ పంపించి, ఉత్తరాన హొక్కైడో అనే మంచు దేశంలో నెల రోజులు తిరుగుతూ, ఫోటోలు తీసి, బండిలోంచే కంప్యూటర్‌లో పెడతాడట. లోకమంతా చూస్తుందట. పేపర్ల వాళ్ళు కూడా వస్తారట.

ఆ బండిలో నీళ్ళ పనంతా చేసింది ఏడుకొండలు. చీరాల దగ్గరి పల్లె నుంచి ఇక్కడ పనికి పర్మిట్ మీద వచ్చినవాడు, ముప్పై దాటి ఉంటాయి. షెడ్డులో ఏడుగురు పనివాళ్ళుంటే తెలుగువాడు వాడొక్కడే. క్లెమెంటిలో మా ఫ్లాట్ నుంచి రోజూ నేను పంపే అన్నం క్యారియర్ తిని, మొదటి రోజే కబురు పంపాడు: "పెద్దమ్మకు చెప్పండి సార్, పులుసులో చింతపండు మా అమ్మ వేసినట్టే ఉంది" అని. ఆ రోజు నుంచి నేను వాడికి పెద్దమ్మను. ఆదివారం సెలవైతే నేరుగా మా ఇంటికొచ్చేవాడు. కొళాయి కారుతున్నా, బాత్రూంలో నీళ్ళు పోకపోయినా చెప్పక్కర్లేదు, తనే చూసి బాగుచేసేవాడు.

అలాంటి ఒక ఆదివారం నాడు ఒక కాగితం తెచ్చాడు. బండికి పంపు, పైపులు అమ్మిన వాళ్ళు పంపించారట, మొత్తం ఇంగ్లీషు. మా మనవరాలు త్రివేణి పాలిటెక్నిక్ చదువుతోంది. దాన్ని కూర్చోబెట్టి చదివించుకున్నాడు.

"ఫస్ట్ టాంకులో వాటర్ అంతా తీసెయ్యాలి," అంది త్రివేణి, ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలిస్తూ. "దెన్ వాటర్ హీటర్. హీటర్ చల్లారాక మాత్రమే లా, హాట్‌గా ఉన్నప్పుడు ఓపెన్ చేస్తే నీ మొహం కాలిపోద్ది."

"చల్లారాక. సరే. తర్వాత?"

"హీటర్‌ని బైపాస్ చెయ్యాలి, అంటే వాటర్ దాన్లోకి వెళ్ళకుండా పక్క పైపులోంచి పోవాలి. పైపుల్లోకి గాలి కొట్టి ఉన్న వాటర్ బయటికి పంపాలి. తర్వాత ఈ పింక్ లిక్విడ్, చలికి గడ్డకట్టదు ఇది, పంపుతో ఎక్కించాలి. ఒక్కొక్క ట్యాప్ తిప్పాలి, పింక్ వచ్చేదాకా. షవర్, టాయిలెట్, ఆల్ ఆఫ్ దెమ్."

"ఎందుకురా ఇదంతా?" అన్నాను, వంటగదిలో వడలు వేస్తూ.

"చలికి నీళ్ళు గడ్డకట్టి ఉబ్బిపోతయ్యంట పెద్దమ్మా. పైపులు పగిలిపోతయ్యంట."

"నీళ్ళకి పైపులు పగుల్తాయేట్రా! యాభై ఏళ్ళ నుంచి చూస్తన్నాను, ఇక్కడ వానకే పగల్లేదు."

వాడు నవ్వి, ఒక గాజు సీసాలో నిండుగా నీళ్ళు పోసి, మూత బిగించి, నా ఫ్రిజ్ పైన ఐసు అరలో చేపల పక్కన పెట్టాడు. మర్నాడు చూస్తే సీసా నిలువునా చీలి ఉంది. నా వంజరం ముక్కల నిండా గాజు పెంకులు. ఆ చేప పారేయాల్సి వచ్చిందని వాడిని ఫోన్లో తిట్టాను. అంటే, నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు. నా కళ్ళతో నేనే చూశాను.

జనవరి రెండో వారంలో బండి ఓడెక్కే రోజొచ్చింది. పొద్దెక్కాక త్రివేణి నన్ను టాక్సీలో తువాస్ తీసుకెళ్ళింది. నిమ్మకాయలు, గుమ్మడికాయ, కర్పూరం, ఒక చిన్న గిన్నె, పాల ప్యాకెట్. కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించడం అందరూ చేసేదే. కానీ ఇది ఇల్లు కూడా. పొయ్యి ఉంది, మంచం ఉంది. పాలు పొంగించకుండా ఇంట్లోంచి మనిషిని ఎలా పంపిస్తాం?

ఏడుకొండలు అప్పటికే తన పనంతా ముగించాడు. నన్ను చూడగానే బండిలోకి పిలిచి, సింకు దగ్గర ట్యాప్ కొంచెం తిప్పి చూపించాడు. గులాబీ రంగు నీళ్ళు జారాయి. తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో అమ్మే బండుంగ్ అనే గులాబీ షర్బత్ లాగా ఉన్నాయి.

"అన్నిట్లో ఇదే ఉంది పెద్దమ్మా. షవర్లో, టాయిలెట్లో, సింకు కిందున్న వంపు పైపులో కూడా ఒక గ్లాసు పోశా. ఇప్పుడు మంచు కాదు, మంచుకు బాబు వచ్చినా ఏం గాదు."

వాడి మొహంలో ఎంత వెలుగో! మా ఆయన రేవులో పెద్ద ఓడ ఖాళీ చేసి ఇంటికొచ్చిన రోజున అలాంటి వెలుగే ఉండేది.

"సరే సరే, నా పూజ నన్ను చేసుకోనీ," అన్నాను.

"పూజ చేసుకో, కాని లోపల ఏమీ ముట్టుకోకు," అన్నాడు పైడిరాజు, గడప దగ్గర నిలబడి. "దీపక్ వచ్చే టైమైంది." వాడు గేటు వైపు వెళ్ళాడు. ఏడుకొండలు భోజనానికి వెళ్ళాడు. త్రివేణి బయట ఫోన్లో ఎవరితోనో నవ్వుతోంది. బండిలో నేనొక్కదాన్నే మిగిలాను.

పాలు పొంగించే ముందు గిన్నె కడగాలి. ట్యాప్ తిప్పితే గులాబీ రంగు. వేలు పెట్టి చూస్తే జిడ్డుగా, ఏదో మందులా ఉంది. దానితో పాలగిన్నె కడుగుతామా? పైగా మంచం కింద టాంకు మూత ఎత్తి చూశాను. ఖాళీ. చుక్క నీరు లేదు. మా అత్తగారు రత్తమ్మగారు పడుకునే ముందు వంటింట్లో బిందె నింపి మరీ పడుకునేవారు. ఇంట్లో బిందె ఖాళీగా ఉంటే లక్ష్మి నిలవదనేవారు. నేనూ ఇన్నేళ్ళు ఈ ఫ్లాట్లో, ఇరవై నాలుగు గంటలూ కొళాయి వచ్చే ఊళ్ళో, ఒక బిందె నింపి పెట్టుకునే ఉన్నాను. ప్రయాణానికి బయల్దేరేవాళ్ళకి ఖాళీ బిందె ఎదురొస్తే వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్తాం కదా. ఈ ఇల్లు ఆ ఖాళీ బిందెను కడుపులో పెట్టుకుని సముద్రం దాటుతోంది.

బండి పక్కన గోడకి నీళ్ళ గొట్టం వేలాడుతోంది. టాంకులో నీళ్ళు పోసే మూత ఎక్కడుందో నాకు తెలుసు, నాలుగు నెలలుగా చూస్తున్నాను. సగం దాకా పట్టాను. లోపలికొచ్చి పంపు స్విచ్ వేశాను. అదెక్కడుందో ఏడుకొండలే ఒకసారి సంబరంగా చూపించాడు. ట్యాప్ తిప్పి, గులాబీ రంగు పోయి మంచినీళ్ళు వచ్చేదాకా వదిలాను. స్నానాల గదిలో షవర్ కూడా తిప్పాను. లోపల ఆ మందు ఎందుకు ఉండాలి, ఆ పిల్లాడు నెత్తి మీద పోసుకుంటాడు కదా అనుకున్నాను. గిన్నె కడిగాను. పాలు పొంగించాను. పొయ్యి తుడిచాను, సింకు తుడిచాను, గొట్టం చుట్టి గోడకి పెట్టాను. సీసా మాట ఆ పూజ హడావుడిలో నాకు గుర్తే రాలేదు. వచ్చినా ఏమనుకునేదాన్నో తెలియదు. బయట ఎండ మండిపోతోంది. ఆ ఎండలో నీళ్ళు గడ్డకట్టడమనేది ఎవరి మనసుకి ఎక్కుతుంది?

దీపక్ వచ్చాడు. నిమ్మకాయలు తొక్కించాడు, పాలు నోట్లో పోసుకుని "సూపర్ ఆంటీ" అన్నాడు. అంతలో ఏడుకొండలు భోంచేసి వచ్చి, బండి కింద చూశాడు. కొంచెం తడిగా ఉంది.

"పెద్దమ్మా, ట్యాప్‌లు తిప్పలేదు గదా?"

పైడిరాజు నా వంకే చూస్తున్నాడు. ముట్టుకోవద్దని గంట క్రితమే చెప్పాడు. దీపక్ పక్కనే ఉన్నాడు.

"నేనేటి ముడతాన్రా," అన్నాను. "గిన్నె కడుక్కున్న నీళ్ళు. సీసాలో తెచ్చుకున్నాను."

అది అబద్ధం. అప్పటికది చాలా చిన్నదిగా కనిపించింది. వాడు నా మాట నమ్మి, బండి తలుపులకి తాళం వేశాడు.

నెలాఖరుకి జపాన్ నుంచి పైడిరాజుకి ఫోనొచ్చింది. మూడు రాత్రులు జపాన్ రేవులో మంచులో నిలబడిందట బండి. దీపక్ వెళ్ళి, పేపర్ల వాళ్ళందరి ముందు తలుపు తీసి, లోపల వెచ్చదనం కోసం గది హీటరు వేశాడట. గంటకి ఐసు కరిగి గోడలోంచి నీళ్ళు. పంపు పగిలింది, పైపులు చీలాయి, షవర్ మొదలు ఊడిపోయింది. కంప్యూటర్లు పెట్టిన బల్ల కింద నుంచి నీళ్ళు చిమ్మి అన్నీ తడిసిపోయాయి. ఫోటోలేవీ ఎక్కడికీ వెళ్ళలేదు. పేపర్ల వాళ్ళు మాత్రం ఫోటోలు తీసుకున్నారట, తడిసిన చాప మీద నిలబడ్డ దీపక్‌వి.

ఆ రోజు నేను క్యారియర్ తీసుకుని షెడ్డుకే వెళ్ళాను. పైడిరాజు గొంతు గేటు దాకా వినిపిస్తోంది.

"పనంతా చేసినానన్నావు కదా! పైపుల నిండా నీళ్ళున్నాయంట. ఏటి చేసినావు మరి?"

"సార్, నేను అన్నీ చేశాను. మీ అమ్మగారినడగండి, నేను పింక్ నీళ్ళు చూపించలా? పెద్దమ్మా, చెప్పండి, చూశారు గదా మీరు!"

ఇద్దరూ నా వంక తిరిగారు. షెడ్డులో వెల్డింగ్ ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. నా చేతిలో క్యారియర్ బరువెక్కిపోయింది. నోరు తెరిస్తే ఒక్క మాటతో అయిపోయేది.

"ఈ మిషన్ల సంగతి నాకేటి తెలుస్తాది నాయనా," అన్నాను. నేల చూస్తూ అన్నాను.

ఏడుకొండలు తన పనిముట్ల వైపు తిరిగిపోయాడు. వాడి పర్మిట్ రద్దు చేస్తానని, శుక్రవారానికి టిక్కెట్ తీస్తానని పైడిరాజు చెప్పాడు. పని చెడగొట్టి పంపించేశారని పేరు పడితే ఇంకే షెడ్డు వాడూ వాడిని పిలవడు. పనిలో పేరొక్కటే వాడు ఇక్కడికి తెచ్చుకున్నది. అది నేను తీసేసుకున్నాను.

ఆ రెండు రోజులు నేను ఎలా గడిపానో చెప్పుకోవడానికి సిగ్గు. వంట చేశాను, బట్టలు మడత పెట్టాను, గుడికెళ్ళి వచ్చాను. అందరికీ మామూలుగానే కనిపించాను. అదే అన్నిటికంటే ఎక్కువ సిగ్గు. బిందె నింపబోయి, దాని నోట్లోకి పడే నీళ్ళ చప్పుడు వినలేక కొళాయి కట్టేశాను.

బుధవారం సాయంత్రం పైడిరాజు అన్నం తింటుంటే చెప్పేశాను.

"ఒరే పైడీ, ఆ నీళ్ళు నేనే పోసినాను."

"ఏ నీళ్ళు?"

"బండిలోయి. టాంకు ఖాళీగా ఉంటే చూడలేకపోయినాను. ఆ పిల్లడు పింకు మందు పెట్టినాడు. నేనే వదిలీసినాను."

వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎవరికైనా చెప్పినావా?" అన్నాడు.

"లేదు."

"చెప్పకు."

"మరి ఏడుకొండలు?"

"అమ్మా, పనోడు మర్చిపోయినాడంటే ఎవడికైనా అర్థమవుద్ది. మా అమ్మ పాలు పొంగించి బండి పాడుచేసిందని ఎలాగ చెప్పుకోను? ఇదేటి షెడ్డా, పూజగదా అని నవ్వరా? రేపటి నుంచి నాకెవడు పనిస్తాడు?"

"నీకు పనీ, ఆడికి పేరూ. పని పోతే నువ్వు బతుకుతావు, పేరు పోతే ఆడు బతుకుతాడా, ఆలోచించినావా?"

"ఆలోచించే చెప్తన్నాను. తినీసి పడుకో."

నేను తినలేదు. గదిలో త్రివేణి అంతా విన్నది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాన్నమ్మా, దిస్ ఈజ్ సో అన్‌ఫెయిర్ లా. నాన్నకి నువ్వు చెప్పావు, నాన్న వినలేదు. ఇప్పుడేం చేస్తావ్?"

"దీపక్ ఆఫీసు ఏ ట్రైన్‌లో వెళ్ళాలి?" అన్నాను.

గురువారం పొద్దున్న త్రివేణి నన్ను తంజోంగ్ పగార్ స్టేషన్‌కి తీసుకెళ్ళి, ఆఫీసు లిఫ్ట్ దాకా వచ్చి, పైకి మాత్రం రానంది. "యూ హావ్ టు సే ఇట్ యువర్‌సెల్ఫ్," అంది. వెళ్ళు, నువ్వే చెప్పు అని దాని అర్థం. కరెక్టే కదా.

ఆఫీసులో అందరూ పిల్లలే. నేల మీద రంగురంగుల పెద్ద దిండ్లు వేసుకుని కూర్చుని పని చేస్తున్నారు. దీపక్ జపాన్ నుంచి ముందురోజే వచ్చాడట, ముక్కు ఎర్రగా ఉంది, జలుబు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు, నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. గులాబీ నీళ్ళ నుంచి టాంకు దాకా, "ముట్టలేదు" అన్న మాట దాకా, షెడ్డులో నేల చూసిన దాకా. ఏదీ దాచలేదు.

వాడు ముందు నవ్వాడు. "ఆంటీ, సీరియస్లీ? పాలు పొంగించడానికా?" అని పక్కనున్న ఇద్దరిని పిలిచి ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళూ నవ్వారు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకెవరో "వాట్? వాట్?" అంటూ వచ్చారు. వాళ్ళకీ చెప్పాడు. గది మధ్యలో నేను నిలబడి ఉన్నాను, జరీ అంచు చీరలో, చేతిలో గొడుగు పట్టుకుని. డెబ్బై దగ్గరికొచ్చిన మనిషిని. నా కాళ్ళ కింద నేల లోపలికి పోతే బాగుండునని అనుకున్నాను.

"నవ్వుకో బాబూ," అన్నాను. "మీ కంప్యూటర్లో రాసుకుంటే రాసుకో, లోకమంతా నవ్వనీ. నా కొడుకు పేరు రాసుకుంటావా, రాసుకో. కాని రేపు ఆ పిల్లడు విమానం ఎక్కుతున్నాడు. తప్పు ఆడిది కాదని నువ్వొక ఫోన్ చెయ్యాలి. నేను అడిగేది అదొక్కటే."

దీపక్ నవ్వు ఆగిపోయింది. కుర్చీలో కూర్చున్నాడు.

"ఆంటీ, ఒక సంగతి. నీళ్ళు కాచే హీటర్ ఒక్కటే పగల్లేదు," అన్నాడు. "జపాన్ మెకానిక్ కూడా ఆశ్చర్యపోయాడు. ఎవరో దీన్ని చాలా నీట్‌గా బైపాస్ చేశారు, మరి మిగతావెందుకు వదిలేశారు అని అడిగాడు. నాకూ అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది."

నా ముందే పైడిరాజుకి ఫోన్ చేశాడు. "మీ పనివాడి తప్పు లేదు సార్," అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు: "కాని ఇకమీద నా బండి మీ షెడ్డుకి రాదు." అదీ నా ముందే.

పైడిరాజు టిక్కెట్ రద్దు చేశాడు. నాతో మాత్రం పన్నెండు రోజులు మాట్లాడలేదు. పక్కగదిలో ఉంటూనే త్రివేణితో కబురు పంపేవాడు, కాఫీ కావాలని. నేను కాఫీ పెట్టి పంపేదాన్ని. వాడిని తప్పు పట్టలేదు.

ఏడుకొండలు పనిలోకొచ్చాడు. నేను పంపిన క్యారియర్ సాయంత్రం మూత తీయకుండానే తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. మూడో రోజు నేనే వెళ్ళాను. వాడు ఒక లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నేను బయట నిలబడి, వాడి కాళ్ళతో మాట్లాడాను.

"ఒరే ఏడుకొండలూ. నన్ను క్షమించు నాయనా."

స్పానర్ చప్పుడు ఆగింది. వాడు బయటికి రాలేదు.

"నీళ్ళు పోసినందుకు నాకేం బాధ లేదమ్మా. మా అమ్మైనా అదే పని చేసేది," అన్నాడు లోపల్నుంచి. "నేనడిగినప్పుడు అందరి ముందూ నేల చూశారే, అదీ. మీరు ఒక్కసారి నా మొహం చూసుంటే చాలు. తిట్లు తినుండేవాణ్ణి గానీ, ఒంటరిగా తినుండేవాణ్ణి కాదు."

ఏం చెప్పినా అది నన్ను నేను కాపాడుకోవడమే అవుతుంది. క్యారియర్ ఒక డబ్బా మీద పెట్టి, షెడ్డు బయట ఎండలో కాసేపు నిలబడి, బస్సెక్కి వచ్చేశాను. ఆ సాయంత్రం క్యారియర్‌లో అన్నం సగం తిని ఉంది. పులుసు మాత్రం ముట్టలేదు.

మే నెలలో ఇంకో బండి వచ్చింది, న్యూజిలాండ్ వెళ్ళేది. అక్కడ జూన్‌లో మంచు పడుతుందట. పంపే రోజు పైడిరాజు నన్ను పిలవలేదు. నేనూ పూజ చేస్తాననలేదు. అయినా క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బండి తలుపు తెరిచి ఉంది. గడప దాటకుండా లోపలికి తొంగి చూశాను.

సింకు ట్యాప్‌కి ఒక తెల్ల కాగితం చుట్టి, టేపు అంటించి ఉంది. స్నానాల గది ట్యాప్‌కి ఒకటి. టాంకు మూత మీద ఒకటి. దాని మీద పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలతో, తెలుగులో రాసి ఉంది: "నీళ్ళు పోయవద్దు. ముట్టవద్దు."

ఆ షెడ్డులో తమిళం చదివేవాళ్ళున్నారు, చైనా వాళ్ళున్నారు, బంగ్లా వాళ్ళున్నారు. మా పైడిరాజుకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అక్కడ తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళం ఇద్దరమే, రాసినవాడూ నేనూ.

"ఏటమ్మా, ఏటి రాసుంది అక్కడ?" అన్నాడు పైడిరాజు వెనకనుంచి.

"నా గురించే," అన్నాను.

టాంకు మూత మీది కాగితం ఒక మూల లేచి ఉంది. గడప బయటి నుంచే వంగి, చెయ్యి చాచి, బొటనవేలితో గట్టిగా నొక్కి అంటించాను. మళ్ళీ లేచింది. మళ్ళీ నొక్కాను, ఈసారి అది అంటుకునేదాకా వేలు తీయలేదు.